అల్మరా వెనక మఠం

వీధిలోంచి చూస్తే అది మఠమని పోల్చుకోలేరు. మెక్సికోలోని పుయెబ్లా నగరం, 18 పోనియెంతే వీధి. ఇంటి గుమ్మం లాంటి గుమ్మమే దాటుతారు. నడవ మలుపు తిరగ్గానే ఎండ కళ్లలో పడుతుంది. చుట్టూ గోడల నిండా ఎర్ర ఇటుక, మధ్యమధ్య నిగనిగలాడే టలావెరా పింగాణీ పలకలు. బరోక్ శిల్పులకు ఖాళీ గోడ కంటగింపేమో!

బిషప్ మాన్యుయెల్ ఫెర్నాందెస్ దె సాంతా క్రూజ్ 1688లో స్థాపించిన సాంతా మోనికా మఠం ఇది. 19వ శతాబ్దంలో ప్రభుత్వం మఠాలన్నీ మూయించింది. ఇక్కడి కన్యస్త్రీలు మాత్రం గుట్టుగా కొనసాగారు, 1934లో పోలీసులు వచ్చి పడేదాకా. అల్మరా వెనక దొంగ తలుపు ఉండేదని చెప్పుకుంటారు. కన్యస్త్రీలను పంపేశాక మఠమే మత కళల మ్యూజియమైంది.

గదులు దాటుతూ పోతారు. పటాల్లో సగం ఒకలాంటివే, ఆగనక్కర్లేదు. మఖ్మల్ గుడ్డ మీద రంగులతో వేసినవాటి దగ్గర మాత్రం నిలబడండి. ఎదురుగా చూస్తే నలుపే. ఓ అడుగు పక్కకు జరిగితే ఆ నలుపులోంచి మొహం తేలుతుంది. మరోచోట కన్యస్త్రీలు తమను తాము శిక్షించుకోవడానికి వాడిన కొరడాలు, ఇనుప ముళ్ల పట్టీలు. వాటి ముందు ఎవరూ ఎక్కువసేపు ఉండరు.

కింది గాయకశాలలో గుడివైపు తెరుచుకునే ఇనుప కటకటాలున్నాయి. కన్యస్త్రీలు జనం కంటపడకుండా వాటి వెనక నుంచే దివ్యబలిపూజ వినేవారు. బిషప్ తన గుండెను ఈ మఠానికే ఇచ్చి పోయాడు, ఇప్పటికీ ఇక్కడే భద్రంగా ఉంది. కవయిత్రి సోర్ హువానా వేదాంత విమర్శను 1690లో అచ్చువేయించి, సోర్ ఫిలోతెయా అనే ఆడపేరు పెట్టుకుని, లౌకిక చదువులు తగ్గించమని ఆమెకు హితవు చెప్పిన పెద్దమనిషి ఈయనే. ఆడవాళ్లకు సుద్దులు చెప్పడానికి ఆడపేరే కావలసివచ్చింది! ఆ గుండె ముందు నాకు భక్తి కలగలేదు.

చివర్లో వంటగది. గుత్తివంకాయలా పెద్ద మిరపకాయలో మాంసం, పండ్లు కూరి, పైన తెల్లటి అక్రోటు ముద్ద పోసి, దానిమ్మ గింజలు చల్లే చీలెస్ ఎన్ నొగాదాను 1821లో మెక్సికో స్వాతంత్ర్య సేనాని ఇతుర్బిదే కోసం ఈ కన్యస్త్రీలే మొదట వండారని ఊరంతా చెబుతుంది. రుజువులు అడిగితే ఎవరూ మొహమాటపడరు, ఏ హోటల్లో బాగుంటుందో చెబుతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తే తాజా అక్రోటు, దానిమ్మ రెండూ దొరుకుతాయి.