గేరు మార్పిడి: కువైట్‌లో చిన్న కారు

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్ళి ఇంటి డ్రైవర్లుగా పనిచేసేవారు ఎందరో. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కనుక క్లచ్ ఉన్న చిన్న కారులో గేరు కుడిచేత్తో వేయాలి. అయినా క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ వరుస మారదు. మొదటి గేరు సాధారణంగా ఎడమవైపు ముందుకే ఉంటుంది, కాకపోతే అక్కడ డ్రైవరుకు దగ్గరవుతుంది. గేరుబాక్సు లోపలి వేగాలను సింక్రోమెష్ అనే అమరిక కలుపుతుంది. ఇంజను వేగాన్ని కలపాల్సింది మాత్రం పాదమే. ఇంజను, గేరుబాక్సు వేగాలు కలవకుండా క్లచ్ వదిలితే కుదుపు. అందుకే ఈ నేర్పు ప్రధానంగా పాదానిది. పై గేరుకు యాక్సిలరేటర్ వదలాలి, కింది గేరుకు కాస్త తొక్కాలి, క్లచ్‌ను పట్టు దొరికేచోట నెమ్మదిగా వదలాలి.

కొత్త చేయి తడబడదా అన్న అభ్యంతరం సబబే. ఆ తడబాటు అలవాటుతో పోతుంది. పాదం తొందరపాటు మాత్రం దిద్దుకోకపోతే ఏ దేశంలోనైనా క్లచ్ ప్లేటును అరగదీస్తుంది.