పియానో సౌండ్‌బోర్డు పగిలితే పారేయాల్సిందేనా?

మెట్టుగూడ, లాలాగూడ నిజాం రైల్వే కాలం నుంచి రైల్వే కుటుంబాలు ఉంటున్న ప్రాంతాలు. వారిలో ఆంగ్లో ఇండియన్లూ ఉన్నారు. ఇలాంటి చోట పియానో కొత్త వస్తువేమీ కాదు. పాత పియానో కొనబోయేటప్పుడు తరచూ భయపెట్టే మాట ఒకటుంది: ‘లోపల పలక పగిలింది, ఇక పనికిరాదు’. ఈ మాట అన్నిసార్లూ నిజం కాదు. పగులు ఉందా అన్నదానికంటే, అది శబ్దాన్ని చెడగొడుతోందా అన్నదే అసలు ప్రశ్న.

సౌండ్‌బోర్డు ఏం చేస్తుంది?

సితార్‌లో తబ్లీ చేసే పనే పియానోలో సౌండ్‌బోర్డు చేస్తుంది. తీగ ఒక్కటే మోగితే శబ్దం చాలా సన్నగా ఉంటుంది. తీగల కదలిక బ్రిడ్జి అనే చెక్క ద్వారా పలకకు చేరి, పలక కదిలితేనే గది నిండా వినిపిస్తుంది. ఈ పలకను ఎక్కువగా చలిదేశాల్లో పెరిగే స్ప్రూస్ కలపతో చేస్తారు. మందం సుమారు 8 మిల్లీమీటర్లు. వెనక అడ్డంగా రిబ్స్ అనే బద్దలు అతికిస్తారు. పలక తీగల వైపు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. దీన్ని క్రౌన్ అంటారు.

పగులు ఎందుకు వస్తుంది?

కారణం గాలిలో తేమ. హైదరాబాద్‌లో ఆగస్టులో తేమ 70 శాతం దాటుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 30 శాతం దగ్గరికి పడిపోతుంది. వానాకాలంలో కలప ఉబ్బుతుంది, కానీ రిబ్స్ దాన్ని పట్టి ఉంచడంతో లోపలి పీచు నలుగుతుంది. ఎండాకాలంలో అదే కలప ముడుచుకుని చీలుతుంది. కాలం మారగానే శ్రుతి తప్పడానికీ ముఖ్య కారణం ఇదే.

ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

- ఎండ నేరుగా పడే చోట, తడి గోడకు ఆనించి పెట్టకూడదు.
- కూలర్ గాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు.
- తేమ కొలిచే చిన్న మీటరు గదిలో ఉంచాలి. 40 నుంచి 50 శాతం మంచిది. అంతకంటే ముఖ్యం, పెద్ద హెచ్చుతగ్గులు లేకపోవడం.
- పలకకు నూనె, వార్నిష్ పూయకూడదు. పగుల్లో సొంతంగా జిగురు పోయకూడదు.
- చెదలు పట్టాయేమో అడుగుభాగం, వెనకభాగం చూస్తుండాలి.

ఎప్పుడు మరమ్మతు?

ఏదైనా స్వరం నొక్కితే జర్‌మనే శబ్దం వస్తోందా? రిబ్స్ పలక నుంచి ఊడాయా? ఈ రెండూ లేకపోతే పగులును అలాగే వదిలేయొచ్చు. ఉంటే, అనుభవమున్న కారీగర్ ఊడిన రిబ్స్‌ను మళ్లీ అతికిస్తాడు. పగులును ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో శుభ్రంగా చెక్కి, స్ప్రూస్ పట్టీ దూర్చి, చదును చేస్తాడు.

ఎప్పుడు మార్చాలి?

క్రౌన్ పూర్తిగా పోయి, శబ్దం మోగీ మోగగానే ఆరిపోతుంటే మార్చే ఆలోచన చేయాలి. అయితే ఇది చిన్న పని కాదు. పియానోలో సుమారు 220 తీగలుంటాయి. వాటి మొత్తం లాగుడు 15 నుంచి 20 టన్నులు. అందుకే ఇంట్లో ఎవరూ తీగలు విప్పకూడదు. తీగలన్నీ తీసి, ఇనుప ఫ్రేమును పైకెత్తి, కొత్త పలక బిగించి, కొత్త తీగలు వేయాలి. ఆ తర్వాత కూడా చాలాసార్లు శ్రుతి చేయాలి. మేలురకం గ్రాండ్ పియానోకైతే ఈ ఖర్చు పెట్టొచ్చు. గోడకు ఆనించే మామూలు పియానోకు మాత్రం దాని ధర కంటే ఖర్చే ఎక్కువవుతుంది.

కొనేముందు

పలక పగులు కంటే ఇనుప ఫ్రేము పగులు, వదులైన శ్రుతి పిన్నులు పెద్ద ప్రమాదం. పగులు చూపించి అమ్మేవారు ధర తగ్గిస్తే కంగారు పడక, ట్యూనర్‌ను తీసుకెళ్లి ఫ్రేము, పిన్నులు, బ్రిడ్జి, రిబ్స్ చూపించుకోవాలి. అవన్నీ గట్టిగా ఉంటే, పగులున్నా సరే, ఆ పియానో పిల్లల చదువుకు ఏళ్ల తరబడి పనికొస్తుంది.