గడియారం ఎవరిది?

బయలాజికల్ క్లాక్ అనే మాట మొదట ఆడవాళ్ళ గురించి పుట్టింది కాదు. జీవశాస్త్రంలో అది నిద్రకీ మెలకువకీ సంబంధించిన లయ. దాన్ని ఉద్యోగం చేసే స్త్రీ మెడలో వేసి ప్రచారంలోకి తెచ్చింది 1978 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్‌లో రిచర్డ్ కోహెన్ రాసిన వ్యాసం. కెరీర్ వుమన్‌కి టైం అయిపోతోందన్న హెచ్చరిక శీర్షికలోనే ఉంది.

అదే ఏడాది జులై 25న ఇంగ్లండ్‌లో లూయీ బ్రౌన్, అక్టోబర్ 3న కలకత్తాలో దుర్గ పుట్టారు. ఇద్దరూ టెస్ట్‌ట్యూబ్ బేబీలే. (దుర్గ పుట్టుకకి కారణమైన డాక్టర్ సుభాష్ ముఖర్జీని ప్రభుత్వ కమిటీ నమ్మలేదు. 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ కథ విడిగా రాయాలి.) లూయీ తల్లి సమస్య వయసు కాదు, ట్యూబులు మూసుకుపోవడం. ఐవీఎఫ్‌కి వయసు భయం తోడైంది తర్వాతే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది 1982 నాటి ఫ్రెంచి అధ్యయనం. భార్య వయసుతో పాటు భర్త వయసూ పెరుగుతుంది, కలయికలూ తగ్గుతాయి. మరి ఏది దేనివల్లో తేల్చడమెలా? ష్వార్ట్జ్, మాయో అనే పరిశోధకులు భర్తలకి వీర్యకణాలు లేని 2,193 మంది స్త్రీలని తీసుకున్నారు. అంతా దాత వీర్యంతో గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు. పన్నెండు నెలసరుల లెక్కలో 26–30 ఏళ్ళవాళ్ళలో 74 శాతం, 31–35లో 61 శాతం పైచిలుకు, 35 దాటినవాళ్ళలో దాదాపు 54 శాతం మందికి గర్భం నిలిచింది. తెలివైన పద్ధతే. కాకపోతే అది ఫ్రీజ్ చేసిన వీర్యం, దాంతో అవకాశం మామూలుకన్నా తక్కువ. ఆ సంగతి పక్కకి పోయింది. అదే పత్రిక సంపాదకీయం ఇరవైల్లో పిల్లలు, ముప్ఫైల్లో ఉద్యోగం పెట్టుకుంటే బావుంటుందేమో అని సలహా కూడా ఇచ్చింది! సలహా ఎవరికో చెప్పక్కర్లేదు.

నాకు ముప్ఫై నాలుగు. ఈ అంకెలు నాకు వట్టి చరిత్ర కాదు.

"మా అమ్మ నలభై రెండేళ్ళకి కనలేదుటే?" అంటుంది పెద్దమ్మ. నిజమే. అమ్మమ్మ కడగొట్టు కొడుకూ, పెద్దమ్మ మొదటి కొడుకూ ఒకే బడికి వెళ్ళారు. కానీ అమ్మమ్మ నలభై రెండులో కన్నది ఏడో బిడ్డని, మొదటి బిడ్డని కాదు. ఆ ఏడోవాడు పుట్టకపోయినా ఎవరూ లెక్క అడిగేవాళ్ళు కాదు. గొడ్రాలు అనే మాట మొదటి బిడ్డ దగ్గరే కాచుక్కూర్చుంటుంది.

2004లో డేవిడ్ డన్సన్ బృందం యూరప్‌లో 782 జంటల్ని గమనించింది. ఏడాది ప్రయత్నించినా గర్భం రానివాళ్ళు 19–26 ఏళ్ళ స్త్రీలలో 8 శాతం, 27–34లో 13–14, 35–39లో 18 శాతం. తగ్గుదల ఉంది, కానీ ముప్ఫై ఐదు దగ్గర అగాధమేమీ లేదు. నలభైల కథ వేరు, అప్పుడు అండాల నాణ్యత బాగా పడిపోతుంది. 2019లో గుంటూరులో డెబ్బై దాటినావిడ కవలల్ని కన్నారంటే, ఆ అండాలు వేరే స్త్రీవి.

డన్సన్ లెక్కల్లో ఇంకో వాక్యం ఉంది, మన ఇళ్ళల్లో వినపడనిది. మగవాడి వయసు 35 నుంచి 40కి వెళ్ళేసరికి ఏడాదిలో గర్భం రాని శాతం 18 నుంచి 28కి పెరుగుతుంది. మన దేశంలో 2021 నాటి చట్టం కూడా ఈ చికిత్సలకి స్త్రీకి 50 లోపు అన్నట్టే పురుషుడికి 55 లోపు అని గీత గీసింది.

మొదటిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు పరీక్షలన్నీ నాకే రాశారు. మా ఆయన రిసెప్షన్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వచ్చే వారం మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ఫైల్ మీద రెండు వయసులూ నేనే రాశాను: 34, 39.