ముప్పయ్యారో రోజు

పుణెలోని ముక్తాంగణ్ వ్యసన విముక్తి కేంద్రానికి 2026 ఆగస్టు 29తో నలభై ఏళ్లు నిండుతున్నాయి. 1986లో సరిగ్గా ఆ తేదీన ఎరవాడ మానసిక వైద్యశాల ఆవరణలో మరాఠీ పాఠకులు నెత్తిన పెట్టుకునే రచయిత పు.ల. దేశ్‌పాండే దాన్ని ప్రారంభించారు. అంతకుముందు అనిల్ అవచట్ అనే పాత్రికేయుడు మత్తుకు బానిసలైన కుర్రాళ్ల మీద వ్యాసాలు రాశారు. అవి చదివి పు.ల., ఆయన భార్య సునీతాబాయి కదిలిపోయారు. ఇలాంటి పిల్లలకు ఒక చోటంటూ ఉండాలని విరాళమిచ్చి మరీ దాన్ని నిలబెట్టించారు. పత్రికలో అచ్చయిన వ్యాసాల వల్ల ఒక చికిత్సాలయం పుట్టడం నాకు తెలిసినంతలో అరుదైన సంగతి. రాసేవాళ్లం గుర్తుంచుకోవలసిన సంగతి కూడా.

ఆ రోజులు ఎలాంటివో కొంచెం చెప్పాలి. 1979లో ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌లు అల్లకల్లోలమయ్యాక హెరాయిన్ రవాణా దారులు మారాయి. ఎనభైలు మొదలయ్యేసరికి అది బ్రౌన్ షుగర్ రూపంలో ముంబయి గల్లీల్లోకి దిగింది. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మీద చిటికెడు పొడి పోసి, కింద అగ్గిపుల్ల వెలిగించి, లేచిన పొగను గొట్టంతో పీల్చేవారు. మరాఠీలో దాన్ని గర్ద్ అంటారు. అనిల్ పుస్తకం పేరూ అదే. 1985లో మాదకద్రవ్యాల నిరోధక చట్టం వచ్చింది. అమ్మేవాడిని ఏం చేయాలో చట్టం చెప్పింది. పీల్చేవాడిని ఇంట్లో ఏం చేసుకోవాలో అమ్మానాన్నలకు చెప్పే దిక్కు లేదు. కొట్టేవారు, గదిలో పెట్టి తాళం వేసేవారు, మొక్కుకునేవారు.

అనిల్ డాక్టరీ చదివి, వైద్యం వదిలి, పత్రికా రచనలోకి వచ్చిన మనిషి. ఆయన భార్య డాక్టర్ అనిత ఎరవాడ వైద్యశాలలో మానసిక వైద్యురాలు. ముక్తాంగణ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా అనిల్ పేరే ముందు చెబుతారు. పుస్తకాలున్నాయి, వేణువు వాయించేవారు, కాగితాలతో ఓరిగామి బొమ్మలు చేసేవారు, చెక్క మీద శిల్పాలు చెక్కేవారు, కాబట్టి చెప్పుకోవడానికి చాలా ఉంది. కాని రోజూ వార్డులో నిలబడి దాన్ని నడిపించింది అనిత. కొట్టకూడదు, కట్టేయకూడదు, చీదరించుకోకూడదు అన్న పద్ధతిని మొదటి రోజు నుంచీ పట్టుదలగా అమలు చేసింది ఆమే. అప్పట్లో తాగుబోతునైనా గర్ద్ పీల్చేవాడినైనా మందలించి బాగుచేయాలన్నదే లోకం తీరు. క్యాన్సర్‌తో పోరాడుతూనే పనిచేసి, 1997లో ఆమె కన్నుమూసింది. ఆ తర్వాత కూతురు ముక్తా పుణతాంబేకర్ బాధ్యత తీసుకున్నారు. అనిల్ 2022 జనవరిలో పోయారు. స్థాపించినవాళ్లిద్దరూ లేకపోయినా సంస్థ నడుస్తోందంటే, అది మనుషుల మీద కాకుండా ఒక పద్ధతి మీద నిలబడిందని అర్థం.

మన దేశంలో ఈ పని చేసిన పెద్ద సంస్థలు దాదాపు అన్నీ ఆ కాలంలోనే పుట్టాయి. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను తాగుడు వల్ల పోగొట్టుకుని, 1980లో ఆయన పేరుతోనే టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ పెట్టారు. ముంబయిలో ఫాదర్ జో పెరైరా 1981లో కృపా ఫౌండేషన్ మొదలుపెట్టారు. వీటన్నిటికీ వెనక అమెరికాలో 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆలోచన ఉంది. ఒకప్పుడు తాగి బయటపడ్డవాడి మాట, ఇంకా తాగుతున్నవాడు వింటాడన్నది ఆ ఆలోచనలో ముఖ్యమైన ముక్క.

ముక్తాంగణ్‌లో చికిత్స 35 రోజులు. ఈ 35 అన్న అంకె చూసి చాలామంది అయిదు వారాల్లో మనిషి బాగైపోతాడనుకుంటారు. అసలు జరిగేదేమిటో దగ్గర్నుంచి చూద్దాం.

మొదటి వారం శరీరానిది. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే పొద్దున్నే టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నా తొణికిపోతుంది. చెమటలు, నిద్ర పట్టకపోవడం, కడుపులో తిప్పడం. ఆఖరి గుక్క పడిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటి నాలుగో రోజు దాకా కొందరికి మతి చెదురుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. సరైన మందు పడకపోతే ప్రాణం పోయే ఘట్టమిది. అందుకే నిద్రమాత్రల జాతి మందులిచ్చి రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు. సెలైన్‌లో గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇంజక్షను ఇస్తారు. లేకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. హెరాయిన్ మానేసినవాడి బాధ వేరు. ఒళ్లంతా నొప్పులు, ముక్కులోంచి కంట్లోంచి నీళ్లు, విరేచనాలు, చలి. అది చంపడం అరుదు, కాని చస్తే బాగుండుననిపిస్తుంది. వారం పది రోజులకు ఇదంతా తగ్గుతుంది. మనిషి అన్నం తింటాడు, నవ్వుతాడు. ఇంటివాళ్లు చూసి, నయమైపోయిందనుకుని, తీసుకెళ్తామంటారు. తిరిగి పడిపోవడానికి అంతకంటే మంచి ముహూర్తం ఇంకోటి ఉండదు.

ఆ తర్వాతి నాలుగు వారాలు పొద్దున్నే లేవడం, వ్యాయామం, తన మంచం తనే సర్దుకోవడం, ఊడవడం, గుంపుగా కూర్చుని మాట్లాడటం, కౌన్సెలర్ దగ్గర విడిగా కూర్చోవడం. చదువుకున్నవాళ్లకు ఇది చిన్నపిల్లల బడిలా అనిపిస్తుంది. కాని పొద్దున ఏడింటికి మొదటి పెగ్గుతో రోజు మొదలుపెట్టినవాడికి ఏడింటికి ఇంకేం చేయాలో తెలియదు. రోజును మళ్లీ గంటలుగా విడదీసుకోవడం నేర్చుకోవాలి. గుంపులో మాట్లాడటం అంతకంటే కష్టం. భార్య పుస్తెలు అమ్మి తాగిన సంగతి మొదటిసారి గట్టిగా పైకి చెప్పినప్పుడు ఎదురుగా కూర్చున్న పాతిక మందిలో ఎవరూ ఆశ్చర్యపోరు. వాళ్లూ అమ్మినవాళ్లే. కౌన్సెలర్లలో చాలామంది ఒకప్పుడు అదే మంచాల మీద వణుకుతూ పడుకున్నవాళ్లు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, వెళ్లడానికి చోటు లేక, అక్కడే ఉండి పని నేర్చుకుని స్థిరపడ్డవాళ్లు కూడా ఉన్నారు.

ఇక ముప్పయ్యారో రోజు. గేటు తెరుచుకుంటుంది. బస్టాండుకు వెళ్లే దారిలో మొదటి వైన్ షాపు ఎక్కడుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. జీతం ఎవరి చేతిలో పడాలి, ఏటీఎం కార్డు మొదటి మూడు నెలలు ఎవరి దగ్గర ఉండాలి, ఆఫీసు నుంచి ఇంటికి ఏ వీధి మీదుగా రావాలి, దసరాకి బావమరిది క్వార్టర్ పట్టుకొచ్చి బతిమాలితే ఏం చెప్పాలి? ఇవన్నీ లోపల ఉన్నప్పుడే మాట్లాడుకుని వెళ్లాలి. ఒక్కొక్కటీ చిన్న విషయమే. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మనిషి పడిపోతాడు. మానేసినవాళ్లలో నూటికి నలభై నుంచి అరవై మంది మళ్లీ మొదలుపెడతారని వైద్యులు చెబుతారు. రక్తపోటు, ఉబ్బసం రోగులు మందులు వదిలేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చే లెక్క కూడా దాదాపు అంతే. కాని ఆ రోగులను ఎవరూ సిగ్గులేనివాడా అని తిట్టరు.

పాశ్చాత్య దేశాల్లో ఈ ఘట్టానికి ఇళ్లున్నాయి. అమెరికాలోని మేరీలాండ్‌లో 1975లో ప్రభుత్వం ఒక కేంద్రాన్ని మూసేస్తుంటే, అందులో ఉన్న పాల్ మొల్లాయ్, తోటివాళ్లు కలిసి ఆ ఇంటినే అద్దెకు తీసుకున్నారు. దానికి ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని పేరు. డాక్టరుండడు, వార్డెనుండడు. అందరూ సంపాదించి అద్దె పంచుకుంటారు, తమలోంచే పెద్దలను ఎన్నుకుంటారు, తాగినవాడిని ఓటు వేసి పంపించేస్తారు. ఎన్నాళ్లయినా ఉండొచ్చు. కాళ్ల మీద నిలబడ్డాక తన గది తాను వెతుక్కుని వెళ్తాడు. ఇప్పుడు అలాంటి ఇళ్లు అక్కడ వేలల్లో ఉన్నాయి.

మనకు అలాంటివి ఇక్కడొకటి అక్కడొకటి తప్ప లేవు. వచ్చినా అందరికీ సరిపోవు. మన దగ్గర డిశ్చార్జి అయినవాడు అమ్మ దగ్గరికో పెళ్లాం దగ్గరికో వెళ్తాడు. ఆసుపత్రికీ స్వతంత్ర జీవితానికీ మధ్య ఉండవలసిన ఇల్లు మన దేశంలో అతని సొంత ఇల్లే. అది బయటివాళ్లు కట్టి ఇచ్చేది కాదు కాబట్టి, ఉన్న ఇంటికే వైద్యం చేయాలి. ముక్తాంగణ్ చరిత్రలో నేను అన్నిటికంటే గొప్పగా భావించేది ఈ ఎరుకనే. రోగుల భార్యల కోసం వాళ్లు 'సహచరి' అనే బృందాన్ని నడుపుతారు.

ఆ భార్యల స్థితి ఒకసారి ఊహించండి. పదేళ్లుగా ఆమె చేసిన పని కాపలా. సాయంత్రం గుమ్మంలోకి రాగానే ఊపిరి వాసన చూడటం, చొక్కా జేబులో చిల్లర లెక్కపెట్టడం, ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, బీరువా తాళాలు కొంగున కట్టుకుని పడుకోవడం. మొగుడు మానేసి వచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోవు. బాత్రూంలో పది నిమిషాలు ఎక్కువైతే తలుపు కొడుతుంది. అతనికి చిర్రెత్తుతుంది. ఎలాగూ నమ్మరు కదా, తాగితే పోలా అనుకుంటాడు. ఆమె తప్పేమీ లేదు. ఆ కాపలాయే ఇన్నాళ్లూ పిల్లలకు అన్నం పెట్టింది. దాన్ని ఎప్పుడు, ఎంత వదలాలో ఆమెకు చెప్పగలిగినవాళ్లు అదే కాపలా కాసిన ఇంకొక ఆడమనిషి తప్ప లోకంలో ఎవరూ లేరు. అందుకే ఆ బృందం. మొగుడు బాగుపడినా పడకపోయినా తనకంటూ ఒక సంపాదన, ఒక నిద్ర ఉండాలని కూడా అక్కడ ఆమెకు తెలుస్తుంది. తర్వాత్తర్వాత ఆడవాళ్ల వ్యసనాల కోసం ముక్తాంగణ్ నిశిగంధ అనే విడి వార్డు కూడా పెట్టింది. తాగే ఆడదాన్ని ఇంటివాళ్లు ఆసుపత్రికి తేవడం కంటే దాచిపెట్టడమే ఎక్కువ కాబట్టి, ఆ వార్డు తలుపు తెరవడమే పెద్ద పని.

మహారాష్ట్రలో చాలా ఊళ్లలో ముక్తాంగణ్ ఫాలో-అప్ కేంద్రాలున్నాయి. పుణె దాకా రాలేనివాడు దగ్గర్లోని ఊరికెళ్లి కూర్చుంటాడు. మానేసి ఏడాదైతే పుట్టినరోజు చేస్తారు. అతని అసలు పుట్టినరోజుకు ఇంట్లో గొడవ జరగకుండా గడిచిన ఏడాది గుర్తులేని పిల్లలు ఆ రోజు ముందు వరుసలో కూర్చుంటారు.

ఇది పరాయి రాష్ట్రం కథే అయినా మనకు అక్కరకొచ్చే కథ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమానికి నేను చేతులెత్తి మొక్కుతాను. కాని దుకాణం మూసిన మర్నాడు ఇంట్లో వణుకుతున్న మనిషిని ఎక్కడికి తీసుకెళ్లాలన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. ఆ జవాబు లేకపోవడం తర్వాత కూడా చూశాం. తెలంగాణలో 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. ఆల్ప్రాజోలం, డైజెపామ్ కలిపిన కల్లుకు అలవాటుపడ్డ ఒళ్లు అది అందక గిలగిల్లాడి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో జనం ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూసిన వారానికే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు వరుసలు కట్టారు. సరుకు ఆపడం ఒక పని, మనిషిని నిలబెట్టడం ఇంకో పని. మొదటిది చేసిన ప్రతిసారీ రెండోదాన్ని మరిచిపోయాం.

కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి, 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో, మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సాయం అందిందని చెప్పారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందికి ఒక్కరు. మిగతావాళ్ల ఇళ్లలో ఏం జరుగుతోందో మన గోడలు చూస్తే తెలుస్తుంది. 'తాగేవారికి తెలియకుండానే మాన్పించబడును' అన్న ప్రకటన లేని బస్టాండు ఉందా? కొందరు కూరలో కలపమని ఇచ్చే పొడిలో డైసల్ఫిరామ్ ఉంటుంది. అది కడుపులో ఉండగా మద్యం పడితే గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి, మనిషే పోవచ్చు. డాక్టరు చెప్పి, రోగి ఒప్పుకుని వేసుకుంటే పనికొచ్చే మందే, చాటుగా పెడితే విషమవుతుంది. ఆ గోడల మీద 14446 అని రాస్తే బాగుండును. అది వ్యసన విముక్తికి జాతీయ ఉచిత సహాయవాణి.

మన జిల్లా ఆసుపత్రుల్లోనూ మెడికల్ కాలేజీల్లోనూ డీ-అడిక్షన్ మంచాలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. మొదటి వారం పని అక్కడ జరుగుతుంది. ముప్పయ్యారో రోజు పని చేసేవాళ్లు కావాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు. దూబగుంట ఉద్యమం వెన్నంటే నెల్లూరులో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంఘం లేని ఊరు కనబడదు. వాటిలో కూర్చున్న ఆడవాళ్లలో ఎందరు జేబుల్లో చిల్లర లెక్కపెట్టుకున్నవాళ్లో వాళ్లకే తెలుసు. కిస్తీలు కట్టిన తర్వాత నెలకొక గంట ఈ మాటకు ఇచ్చి, జిల్లా ఆసుపత్రి నుంచి ఒక కౌన్సెలర్‌ను, మానేసి మూడేళ్లయిన ఆ ఊరి మనిషిని ఒకరిని పిలిపించుకుంటే చాలు. పుణెలో ఆ పని మొదలైన రోజున వాళ్ల దగ్గర ఉన్నదీ పరాయి ఆసుపత్రి ఆవరణలో కొంచెం చోటే.