స్కీ బూటు: దుకాణంలో మరీ హాయిగా ఉంటే అనుమానించాల్సిందే

మంచు వాలుపై జారే మనిషికీ, అతడి కాళ్ల కింది స్కీలకూ మధ్య లంకె బూటే. మోకాలు ముందుకు వంచినా, పాదం పక్కకు వాల్చినా ఆ కదలిక బూటు ద్వారానే స్కీ అంచుకు చేరుతుంది. లోపల పాదం జారితే స్కీ ఆలస్యంగా తిరుగుతుంది, మలుపు తప్పుతుంది. అయినా కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లోనో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనో తొలిసారి స్కీయింగ్‌కు దిగేవారు అద్దె దుకాణంలో బూట్లు తొడుక్కుని, నొప్పి లేదు కదా అని బయటికి వచ్చేయడం పరిపాటి. నొప్పి లేకపోవడానికి కారణం తరచూ బూటు పెద్దది కావడమే.

1960లలో అమెరికాకు చెందిన బాబ్ లాంగే ప్లాస్టిక్ బూట్లను ప్రవేశపెట్టేవరకు ఇవి తోలుతో తయారయ్యేవి. నేటి బూటులో రెండు భాగాలుంటాయి. వెలుపల గట్టి ప్లాస్టిక్ షెల్, లోపల మెత్తని లైనర్. లైనర్ వాడకంతో అణిగిపోతుంది, షెల్ అణగదు. అందువల్ల మొదట సరిచూడవలసింది షెల్‌నే.

కొలతకు మామూలు చెప్పుల నంబరు పనికిరాదు. స్కీ బూట్లకు మాండోపాయింట్ అనే పద్ధతి ఉంది. అందులో సైజు అంటే సెంటీమీటర్లలో పాదం పొడవే. మడమను గోడకు ఆనించి, బరువంతా మోపి నిలబడి, పొడవైన వేలి కొస వరకు కొలవాలి. రెండు పాదాలూ సమానంగా ఉండకపోవచ్చు కనుక రెండింటినీ కొలవడం మేలు. హైదరాబాద్ నుంచో విశాఖపట్నం నుంచో బయలుదేరే ముందు ఇంట్లోనే ఈ పని చేసుకోవచ్చు. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. చాలా కంపెనీలు 26కూ 26.5కూ ఒకే షెల్ వాడతాయి. అర సైజు పెంచి ఇచ్చామంటే బూటు పెద్దదైందని అర్థం కాదు.

ఇక అసలు పరీక్ష. లైనర్‌ను బయటికి తీసి, ఉత్త షెల్‌లో కాలు పెట్టాలి. వేళ్లు ముందుగోడకు తాకీ తాకనట్లు ఉంచి, మడమ వెనుక ఎంత ఖాళీ మిగిలిందో చూడాలి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే సాధారణ స్కీయర్‌కు సరిపోతుంది. పోటీల్లో పాల్గొనేవారు సెంటీమీటరుకు దగ్గరగా కోరుకుంటారు. రెండున్నర దాటితే ఆ బూటును పక్కన పెట్టడమే మంచిది.

లైనర్ తిరిగి పెట్టాక పలుచని మేజోడు ఒక్కటే వేసుకోవాలి. రెండు జతలు వేసుకుంటే వెచ్చదనం పెరగకపోగా, ముడతలు పడి ఒరుసుకుంటాయి. లోదుస్తుల అంచులను బూటులోకి దోపకూడదు. మడమను నేలకేసి తట్టి వెనక్కి చేర్చి, తర్వాత బకిళ్లు బిగించాలి. నిటారుగా నిలబడినప్పుడు వేళ్లు ముందు తగలడం సహజం. మోకాళ్లు ముందుకు వంచగానే అవి కొద్దిగా వెనక్కి రావాలి. మొదటి స్థితిని చూసి బూటు చిన్నదని భయపడేవారే ఎక్కువ. ఆ భయంతోనే పెద్ద సైజు తీసుకుంటారు.

బూట్లు విప్పకుండా కనీసం పావుగంట అటూ ఇటూ నడిచి, వంగి చూడాలి. అన్నివైపులా సమానంగా బిగుతు ఉంటే చింత లేదు. చీలమండ ఎముక దగ్గరో, పాదం పక్కనో ఒకేచోట నొప్పి పుడితే షెల్‌ను వేడిచేసి ఆ భాగాన్ని వెడల్పు చేసే వీలుంది. మడమ పైకి లేస్తుంటే మాత్రం అది వేరే సైజో, వేరే నమూనానో అడగవలసిన సందర్భం. బకిల్ మరింత లాగి సరిపెట్టుకుంటే పాదం పైభాగంపై ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ తగ్గుతుంది, వేళ్లు మొద్దుబారతాయి. గుల్‌మార్గ్ గండోలా రెండో దశ దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అంత చలిలో మొద్దుబారిన వేళ్లను తేలిగ్గా తీసుకోరాదు.

వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతారు. 98 ఇరుకు, 100 మధ్యస్థం, 102 ఆపైన వెడల్పు. బూటు ఎంత గట్టిగా వంగుతుందో తెలిపే ఫ్లెక్స్ సంఖ్యను మాత్రం పూర్తిగా నమ్మలేం. దానికి అన్ని కంపెనీలకూ వర్తించే ప్రమాణం లేదు. ఒకరి 100 మరొకరి 90 కావచ్చు. పైగా చలికి ప్లాస్టిక్ బిగుసుకుంటుంది. వెచ్చని గదిలో సులువుగా వంగిన బూటు వాలుపై మొండికేస్తుంది. నేర్చుకునే పురుషులకు 70 నుంచి 90, స్త్రీలకు 60 నుంచి 80 మధ్య సంఖ్య చాలు.

భద్రత విషయంలో పట్టించుకోనిది అడుగుభాగం. సంప్రదాయ ఆల్పైన్ అడుగులు ఐఎస్ఓ 5355 ప్రమాణానికి, నడకకు అనువైన గ్రిప్‌వాక్ అడుగులు ఐఎస్ఓ 23223కు చెందినవి. ప్రతి బైండింగూ రెంటినీ స్వీకరించదు. పడిపోయినప్పుడు బైండింగ్ స్కీని విడిచిపెట్టకపోతే ఆ మెలి మోకాలిపై, కాలి ఎముకపై పడుతుంది. ఎంత బలానికి విడిపోవాలన్నది బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యంతోపాటు బూటు అడుగు పొడవును బట్టి నిర్ణయిస్తారు. కాబట్టి మధ్యాహ్నం బూట్లు మార్చుకున్నవారు అవే స్కీలతో మళ్లీ వాలుపైకి వెళ్లే ముందు, బైండింగ్‌ను కొత్తగా సరిచేయమని దుకాణంలోని సాంకేతిక నిపుణుణ్ని అడగాలి.