గాలివానలో ఎమ్మా గేట్‌వుడ్

1955 మే 3న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఓగిల్‌థార్ప్ అనే కొండ దగ్గర 67 ఏళ్ల స్త్రీ ఒకామె ఒంటరిగా నడక మొదలుపెట్టింది. పేరు ఎమ్మా రొవీనా గేట్‌వుడ్. ఊరు ఒహాయో రాష్ట్రంలోని గాలియా కౌంటీ. 11 మంది పిల్లల తల్లి, 23 మంది మనవల అమ్మమ్మ, నాయనమ్మ. నడవడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పింది గానీ ఎక్కడికో, ఎంత దూరమో చెప్పలేదు. ఆ దూరం 2,050 మైళ్లు. జార్జియా నించి ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా కొండల మీదుగా సాగే అపలేచియన్ ట్రెయిల్ అది.

ఈ కథ తెలిసినవాళ్లు ముందుగా చెప్పేది ఆమె సామాను గురించి. డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న సంచి, కాళ్లకి కెడ్స్ కాన్వాసు బూట్లు, ఒక దుప్పటి. గుడారం లేదు. వాన వస్తే కప్పుకోడానికి స్నానాలగదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర. తిండికి డబ్బా సాసేజీలు, ఎండుద్రాక్ష, వేరుశనగ గింజలు. దారిలో కనపడిన ఆకుకూరలూ పళ్లూ కోసుకునేది. తక్కువ బరువుతో కొండలెక్కాలనుకునే ఈనాటి యువతరానికి ఆ సంచి ఒక పాఠమైంది. బాగానే ఉంది. కానీ సంచిలో ఏముందో లెక్కపెట్టినవాళ్లు, చీకటి అడవిలో ఆకుల మీద పడుకుని నిద్రపోవడం ఈమె ఎక్కడ నేర్చుకుందని అడగలేదు.

ఆమెకి 1907లో, 19 ఏళ్ల వయసులో పెళ్లయింది. భర్త చదువుకున్నవాడు, ఊళ్లో గౌరవం ఉన్నవాడు. ఇంట్లో కొట్టేవాడు. పళ్లు విరిగేలా, పక్కటెముక చిట్లేలా కొట్టేవాడు. పిచ్చాసుపత్రిలో పెట్టిస్తానని బెదిరించేవాడు (ఈ బెదిరింపు ఏ దేశపు భర్తకీ కొత్త కాదు). ఒక గొడవ తర్వాత పోలీసులు వచ్చి పట్టుకెళ్లింది అతన్ని కాదు, ఆమెని. ఆ ఏళ్లన్నిటిలోనూ దెబ్బలు తప్పించుకోడానికి ఆమె పరిగెత్తిన చోటు అడవే. 1940ల మొదట్లో విడాకులు తీసుకుంది. పిల్లలంతా పెద్దవాళ్లయ్యి ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, నేషనల్ జాగ్రఫిక్ పత్రికలో చదివిన ఈ కొండదారి మీద మనసు పడింది. 1954లో ఉత్తరం వైపు నించి మొదలుపెట్టి, దారితప్పి, కళ్లజోడు పగలగొట్టుకుంది. అటవీ ఉద్యోగులు ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. వెళ్లింది. మరుసటి ఏడు దక్షిణం నించి వచ్చింది.

ఆ ఏడు ఆగస్టులో అమెరికా తూర్పు తీరం మీద రెండు తుఫాన్లు వెంటవెంటనే విరుచుకుపడ్డాయి. 12న కోనీ, 17న డయాన్. కోనీ కురిపించిన వానకి నేల అప్పటికే నానిపోయి ఉంది. ఇక పీల్చుకునే శక్తి లేని ఆ నేల మీద డయాన్ వాన పడేసరికి పడిందంతా వాగుల్లోకే పరిగెత్తింది. పెన్సిల్వేనియా నించి న్యూ ఇంగ్లాండ్ దాకా ఊళ్లు కొట్టుకుపోయాయి. 180 మందికి పైగా చనిపోయారు. ఎమ్మా అప్పటికి న్యూ ఇంగ్లాండ్ కొండల్లో ఉంది. తడిసిన దుప్పటి, నీళ్లు నిండిన బూట్లు, కాలవలైపోయిన కాలిబాటలు. వెర్మాంట్‌లో పొంగుతున్న ఒక వాగుని దాటే దారి లేక ఆగిపోతే, అటుగా వచ్చిన ఇద్దరు నౌకాదళం కుర్రాళ్లు తాడు సాయంతో ఆమెని మధ్యలో పెట్టుకుని దాటించారు.

మన భాషలో 'ఒంటరి ఆడది' అన్నమాట జాలితోనో అనుమానంతోనో తప్ప పలకరు. ఈమె కథ చదువుతుంటే ఆ మాటని పట్టుకుని కాస్త గుంజాలనిపిస్తుంది. 11 మంది పిల్లలున్న ఇంట్లో, ఊరంతా మర్యాదస్తుడనే భర్త పక్కన ఆమె ఎంత ఒంటరిదో, తుఫానులో ముక్కూమొహం తెలియని ఇద్దరు అబ్బాయిల మధ్య నడుంలోతు నీళ్లలో నిలబడ్డప్పుడు అంత ఒంటరిది కాదు. వాన కొడుతుంది, నిజమే. కానీ దానికి ఆమె మీద పగ లేదు, హక్కూ లేదు. కాసేపటికి వెలుస్తుంది. దాన్నించి తప్పించుకుని చెట్టుకిందికి వెళ్తే వెనక వెతుక్కుంటూ రాదు.

దారిపొడుగునా విలేకరులు ఆమెని పట్టుకున్నారు. స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ రాసింది. అందరికీ ఆమె 'గ్రాండ్‌మా గేట్‌వుడ్', ముసలితనంలో సరదా పుట్టిన ముచ్చటైన మామ్మ. భర్త గురించి అడిగితే తను విధవనని చెప్పేది. అతను 1968 దాకా బతికే ఉన్నాడు! దీన్ని అబద్ధమని కొట్టిపారెయ్యలేను. 1955లో కొట్టే భర్తని వదిలేసిన స్త్రీ అని చెప్పుకుంటే పత్రికల్లో వచ్చే వార్త వేరుగా ఉండేది. విధవ అంటే ఇక ఎవరూ ఏమీ అడగరు. ఆమె కావాలనుకున్నది ఆ నిశ్శబ్దమే కావచ్చు. కానీ ఆ నిశ్శబ్దం చరిత్రకి కూడా సౌకర్యంగా ఉంది. ఆమె డైరీలూ పిల్లల జ్ఞాపకాలూ ఆధారంగా బెన్ మాంట్‌గోమరీ రాసిన జీవితచరిత్ర 2014లో వచ్చేదాకా, ఆ హింస ఆమె నడక పక్కన నిలబడి పాఠకుల్లోకి పెద్దగా రాలేదు. దాదాపు అరవయ్యేళ్లు.

1955 సెప్టెంబర్ 25న, 146వ రోజున, ఆమె కటాడిన్ శిఖరం ఎక్కింది. ఆ దారిని ఒకే విడతలో ఒంటరిగా పూర్తిచేసిన మొదటి స్త్రీ. 1948లో దీన్ని మొదట పూర్తిచేసిన ఎర్ల్ షేఫర్ యుద్ధం నించి తిరిగొచ్చిన సైనికుడు. యుద్ధాన్ని మనసులోంచి నడిచి వదిలించుకోడానికి వెళ్లానని చెప్పాడు, లోకం అర్థం చేసుకుంది. ఎమ్మా ఏ యుద్ధం నించి వచ్చిందో అడగడం ఎవరికీ తోచలేదు.

1957లో అదే దారిని మళ్లీ మొదటినించీ చివరిదాకా నడిచింది. 1959లో, 71 ఏళ్ల వయసులో, మిస్సోరీలోని ఇండిపెండెన్స్ నించి ఓరెగన్‌లోని పోర్ట్‌లాండ్‌కి సుమారు 2,000 మైళ్లు నడిచివెళ్లింది. ఈసారి చేతిలో గొడుగు కూడా ఉంది.