కథోలిక శ్రీసభలో వివాహ సిద్ధపాటు

కథోలిక శ్రీసభ బోధించే ఏడు దివ్య సంస్కారాల్లో జ్ఞానవివాహం ఒకటి. దాని అర్థాన్ని విశ్వాసులకు నేర్పడం, పెళ్లీడు యువతీయువకులను అందుకు తయారుచేయడం వివాహ సిద్ధపాటు. ఇది పెళ్లి జరిపించే గురువు ఒక్కరి పని కాదు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 1063వ సూత్రంలో ఈ బాధ్యతను విచారణ (పారిష్) గురువుతో పాటు సంఘమంతటి మీదా పెట్టింది. ప్రసంగాల ద్వారా, పిల్లలకూ యువతకూ పెద్దలకూ తగిన సత్యోపదేశం ద్వారా వివాహ బోధన సాగాలనీ, పెళ్లయ్యాక కూడా దంపతులకు అండగా ఉండాలనీ అందులో ఉంది.

ఈ బోధన ప్రకారం వివాహం ఒక స్త్రీకీ ఒక పురుషుడికీ మధ్య ఏర్పడే జీవితకాల బంధం. దంపతుల మేలు, సంతానాన్ని కని పెంచడం దాని లక్ష్యాలు. ఆ బంధం ఏర్పడేది వధూవరుల సమ్మతి వల్లనే. వారి బదులు ఇంకెవరూ ఆ మాట ఇవ్వలేరు. ఒత్తిడికో భయానికో లొంగి చేసుకున్న పెళ్లి చెల్లదని 1103వ సూత్రం చెబుతుంది. ఈ పట్టుదల చాలా పాతది. 1563లో ట్రెంట్ మహాసభ రహస్య వివాహాలను అరికట్టడానికి విచారణ గురువు, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలనీ, ముందుగా మూడుసార్లు గుడిలో ప్రకటించాలనీ శాసించింది. తల్లిదండ్రుల అనుమతి లేని పెళ్లి చెల్లకూడదన్న వాదనను మాత్రం తోసిపుచ్చింది. పెద్దల మాటకు ఎంతో విలువ ఉన్న ఆ కాలంలో అది చిన్న నిర్ణయం కాదు.

సిద్ధపాటుకు నేటి రూపాన్నిచ్చింది రెండవ జాన్ పాల్ పోపు 1981లో వెలువరించిన ‘ఫమిలియారిస్ కొన్సోర్సియో’ అనే పత్రం. అందులో మూడు దశలున్నాయి. మొదటిది బాల్యంలోనే ఇంట్లోనూ బడిలోనూ మొదలవుతుంది. రెండవది యువతకు వివాహ సంస్కారం గురించిన వివరమైన బోధన. చివరిది పెళ్లికి ముందటి నెలలు, వారాల్లో జరిగేది. చాలా విచారణల్లో కొద్దిరోజుల తరగతులుగా మిగిలింది ఈ మూడవదే. పెళ్లి బట్టలు కొని, శుభలేఖలు పంచాక కూర్చోబెట్టి చెప్పే మాట ఎంతవరకు చెవికెక్కుతుంది? ఫ్రాన్సిస్ పోపుకూ ఈ బెంగే ఉండేది. జ్ఞానస్నానానికి పెద్దలను నెలల తరబడి తయారుచేసినట్టే పెళ్లికీ తయారుచేయాలని ఆయన కోరారు. 2022లో వాటికన్ ఆ పద్ధతిపై మార్గదర్శకాలు ఇచ్చింది. పెళ్లి తర్వాత తొలి సంవత్సరాల్లో తోడు నడవడం కూడా వాటిలో భాగం.

బడుల సంగతి వేరు. భారతదేశంలో కథోలిక బడుల్లో చదివేవారిలో ఎక్కువమంది ఇతర మతాల పిల్లలు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపో, సాయమో పొందిన సంస్థలో మైనర్లకు మతబోధ చేయాలంటే సంరక్షకుల సమ్మతి కావాలి. కాబట్టి సత్యోపదేశం కథోలిక పిల్లలకు విడిగా జరుగుతుంది. ఆడపిల్లను గౌరవించడం, ఇచ్చిన మాట నిలుపుకోవడం వంటివి నీతిబోధ తరగతిలో అందరికీ చెప్పవచ్చు.

తెలుగు విచారణల్లో వివాహ బోధన తరచుగా తడిమేది బంధుత్వాన్నే. మేనత్త, మేనమామ పిల్లలు ధర్మశాస్త్రం లెక్కలో నాలుగో తరగతి రక్తసంబంధీకులు. 1091వ సూత్రం ప్రకారం అలాంటి పెళ్లి చెల్లదు. పీఠాధిపతి (బిషప్) మినహాయింపు ఇస్తే మాత్రం జరపవచ్చు. మేనమామ, మేనకోడళ్లది మూడో తరగతి, ఇంకా దగ్గరి సంబంధం. వరుస కుదిరిందని ముహూర్తం పెట్టేసుకుని, ఆ తర్వాత గుడికి వచ్చే కుటుంబాలకు ఇది ముందే తెలియాలి. జ్ఞానస్నానం పొందనివారిని పెళ్లాడాలన్నా మినహాయింపు కావాలి. అప్పుడు తన విశ్వాసాన్ని నిలుపుకుంటాననీ, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంత చేస్తాననీ కథోలిక పక్షం మాట ఇవ్వాలి. రెండో పక్షానికి ఆ సంగతి తెలియజేస్తే చాలు.

తాళి విషయంలో ఇలాంటి చిక్కు లేదు. గురువు ఆశీర్వదించిన తాళిని వరుడు కట్టడం తెలుగు కథోలికుల్లో ఆచారమే. చిక్కంతా కట్నంతో. 1961 నుంచి చట్టం నిషేధించినా అది క్రైస్తవ ఇళ్లనూ వదలలేదు. బేరం కుదిరాకే పిల్ల ‘అవును’ అనాల్సి వచ్చే చోట స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అన్న బోధ గుడి గోడల మధ్యే ఉండిపోతుంది. కట్నం గురించి మాట్లాడని వివాహ తరగతి అసంపూర్ణం. విచారణ గురువులు, ఉపదేశులు ఆ మాటను అబ్బాయి తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టుకుని చెప్పాలి.